దాస శబ్దము – దాని చరిత్ర, దాని పరమార్థము



ధనుర్మాసములో తెల్లవారకముందే మన వీధులలోనికి హరిదాసు వచ్చును. తలపైన అక్షయపాత్ర, ఒక చేత తంబుర, మరియొక చేత చిడుతలు, కాళ్ళకు గజ్జెలు. ఇల్లాలు బియ్యము తెచ్చినపుడు ఆయన మోకాలు వంచును. ఆమె పాత్రలో బియ్యము పోసి నమస్కరించును. ఆయన పేరులోనే దాసుడను మాట ఉన్నది. దాసుడనగా సేవకుడు. సేవకునకు గృహిణి నమస్కరించుచున్నది! అదే ఇంటిలో ఎవరికైనను కోపము వచ్చినపుడు “నేనేమి నీ దాసుడనా?” అని గట్టిగా అడుగుదురు. ఒకే మాట వాకిట పూజ్యము, నట్టింట అవమానము. ఈ రెండర్థములును ఒక మాటలో ఎట్లు ఇమిడినవో, వానిలో మనము దేనిని మోయుచున్నామో నేడు విచారింతము.

సేవకుని తెలుపు మాటలు మన వాడుకలో పెక్కులు కలవు. భృత్యుడనగా భరింపదగినవాడు, అతనిని పోషించుట యజమాని విధియని ఆ మాటయే చెప్పుచున్నది. కింకరుడనగా “ఏమి చేయుదును?” అని అడుగువాడు, ఆలయములలో మనము చెప్పుకొను కైంకర్యము దీనినుండియే పుట్టినది. పరిచారకుడు చుట్టును తిరుగుచు కనిపెట్టుకొనియుండువాడు. బంటు అను మాటలో సేవయు వీరమును రెండును ఉన్నవి. కనుకనే ఆంజనేయస్వామిని రామబంటు అందుము. నౌకరు పారసీకమునుండి వచ్చిన మాట. ఇవి యన్నియు చేయు పనినో, పొందు పోషణనో తెలుపును. దాసుడను మాట మాత్రము వేరు. “ఇతడు ఎవనివాడు?” అను ప్రశ్నకు అది సమాధానము. అందుచేతనే ఆ మాటకు అంత బరువు.

ఋగ్వేదములో ఈ మాట మొదట సేవకునికి పేరు కాదు. ఇంద్రుడు జయించిన శంబరాదులు దాసులని చెప్పబడిరి. అనగా అన్యజనులు, ప్రతిపక్షులు. ప్రాచీన పారసీక శాసనములలో దీనికి చుట్టమైన మాట ఒక జనమునకు పేరుగా కనబడుచున్నది. యుద్ధములో ఓడినవాడు గెలిచినవాని ఇంట పనివాడగుట లోకచరిత్రలో అంతట జరిగినదే. అట్లు ఒక జనము పేరు క్రమముగా ఒక స్థితికి పేరైనది. అయినను అదే వేదములో బల్బూథుడను దాసుడు ఋషికి దానము చేసిన దాతగా ప్రశంసింపబడెను. శంబరుని జయించినవారిలో చేరిన రాజు పేరే దివోదాసుడు. మరియొక విశేషము. ఏడవ మండలములో వసిష్ఠ మహర్షి తన దోషములను తలచుకొని దుఃఖించుచు, దాసుడు ఉదారుడైన ప్రభువును కొలిచినట్లు నిన్ను కొలుతునని వరుణదేవుని ప్రార్థించెను. ఓడినవానికి పెట్టిన పేరును ఒక మహర్షి తనకు తాను పెట్టుకొనెను. భక్తిమార్గమునకు బీజము అక్కడనే పడినది.

అయితే ఆ మాటలోని బాధను మరువరాదు. మహాభారత సభాపర్వమును స్మరింపుడు. ధర్మరాజు తన్ను తాను ఓడి, తరువాత ద్రౌపదిని పణముగా పెట్టెను. “ముందు తన్ను ఓడెనా, నన్ను ఓడెనా?” అని ఆ మహాసాధ్వి సభను ప్రశ్నించెను. తానే దాసుడైనవానికి మరియొకరిపై అధికారమెక్కడిది? భీష్ముడంతటివాడు తేల్చి చెప్పలేకపోయెను. తరువాత ధృతరాష్ట్రుడు వరము కోరుకొమ్మనగా ఆమె బంగారము కోరలేదు, రాజ్యము కోరలేదు. ధర్మరాజునకు దాస్యవిముక్తి కోరెను. ఏలయనగా తన కుమారుడైన ప్రతివింధ్యుని తోటి బాలురు దాసపుత్రుడని పిలువరాదట! ఆ మాట ఒక పసివాని చెవిని పడరాదని తల్లి పడిన ఆరాటమది. రెండవ వరముతో మిగిలిన భర్తలను విడిపించి, మూడవ వరము వలదనెను.

ఆదిపర్వములోని వినతాదేవి కథయు ఇట్టిదే. ఉచ్చైఃశ్రవముయొక్క తోక రంగుపై కద్రువ పందెము వేసి, కపటముతో గెలిచి, వినతను దాసిని చేసికొనెను. తల్లితోపాటు గరుత్మంతుడును సవతి బిడ్డలైన పాములను వీపున మోయవలసివచ్చెను. “వీరు చెప్పినట్లు నేనేల చేయవలెను?” అని అతడు తల్లిని అడిగెను. కారణము తెలిసికొని, అమృతము తెచ్చి ఆమెను విడిపించెను. చేతిలో అమృతముండియు ఒక్క చుక్క రుచిచూడని అతని నిగ్రహమునకు శ్రీమహావిష్ణువు మెచ్చి వరములిచ్చెను. అప్పుడు గరుత్మంతుడు తానును స్వామికి వరమిత్తుననెను. స్వామి అతనిని తనకు వాహనము కమ్మని కోరెను. గమనింపుడు! పాములను మోసినపుడు అతనికి వీపుపై బరువున్నది. స్వామిని మోసినపుడు అదే వీపునకు వైభవము కలిగినది. మొదటిది బలవంతపు మోత, రెండవది తానిచ్చిన వరము. తల్లి దాస్యమును తొలగించినవాడే భగవద్దాస్యమునకు అర్హుడైనాడు. ఈ క్రమము ముఖ్యము.

ఇక రాజనీతిని చూతము. కౌటిల్యుని అర్థశాస్త్రములో దాసులకు ప్రత్యేక ప్రకరణము కలదు. దాసుడు తాను సంపాదించినదానిని తానే ఉంచుకొనవచ్చును, తండ్రి ఆస్తిని పొందవచ్చును, వెల చెల్లించి విడుదల కావచ్చును. తాకట్టుగా ఉన్న దాసునిచేత శవమును, మలమూత్రములను, ఎంగిలిని ఎత్తించిన యజమాని తానిచ్చిన సొమ్మును కోల్పోవును. యజమానివలన దాసి బిడ్డను కన్నచో తల్లియు బిడ్డయు స్వతంత్రులు. మన తెలుగునేలపై కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్ళపై క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలో అశోకచక్రవర్తి చెక్కించిన శాసనములు నేటికిని ఉన్నవి. వానిలో తొమ్మిదవ శాసనము మంగళకార్యములను గూర్చినది. జనులు పెండ్లికి, ప్రయాణమునకు, రోగమునకు ఎన్నియో మంగళములు చేయుదురు. వానివలన ఫలము స్వల్పము. ధర్మమంగళమే గొప్ప ఫలమిచ్చునది యని చెప్పి, ఆ ధర్మమంగళములో మొట్టమొదట చెప్పినది దాసులయెడ, కూలివారియెడ సరియైన నడవడి. గురుపూజయు, బ్రాహ్మణ శ్రమణులకు దానమును దాని తరువాతనే చెప్పబడినవి.

అన్ని గ్రంథములు ఇంత దయగా పలికినవని చెప్పిన అది సత్యము కాదు. మనుస్మృతి ఏడు విధములైన దాసులను లెక్కించినది. యజమాని విడిచిపెట్టినను శూద్రునకు దాస్యము విడువదను మాటయు అందే కలదు. దానిని కప్పిపుచ్చుట చరిత్రకు ద్రోహము. ఆ మాట ఎందరి తరముల వెన్ను వంచినదో మనము ఒప్పుకొనవలెను.

తరువాతిదైన నారదస్మృతి పదునైదు విధములను చెప్పినది. ఇంట పుట్టినవాడు, కొనబడినవాడు, కరవులో అన్నము పెట్టి రక్షింపబడినవాడు, అప్పు తీర్పలేనివాడు, యుద్ధములో పట్టుబడినవాడు మొదలగువారు. విడుదల చేయు పద్ధతిని కూడ ఆ గ్రంథము వర్ణించినది. యజమాని దాసుని భుజముపైనున్న నీటికుండను తీసి పగులగొట్టవలెను. అక్షతలు, పూలు కలిపిన నీటిని అతని తలపై చల్లవలెను. “ఇక నీవు దాసుడవు కావు” అని ముమ్మారు పలికి, తూర్పుముఖముగా పంపవలెను. ఒక మనిషి స్వతంత్రుడగుటకు శుభకార్యమునకు వలె అక్షతలు వాడిరి!

ఆ పదునైదుగురిలో ఒకడున్నాడు. అతనిని ఎవరును కొనలేదు, పట్టలేదు. తానే వచ్చి “నేను నీవాడను” అనెను. ఆ ఒక్క మాటతో స్మృతి అతనిని దాసులలో లెక్కించినది. సరిగా ఇదే మాటను మనము మరియొకచోట వినియున్నాము. సముద్రతీరమున విభీషణుడు శరణుజొచ్చినపుడు, ఒక్కసారి “నేను నీవాడను” అన్నవానికి సర్వభూతములనుండి అభయమిత్తును, ఇది నా వ్రతమని శ్రీరామచంద్రుడు పలికెను. మాట అదియే. మనిషి యెదుట పలికినచో బంధము, భగవంతుని యెదుట పలికినచో అభయము. దాస శబ్దముయొక్క పరమార్థమంతయు ఈ భేదములోనే ఉన్నది.

భక్తులు ఈ మర్మమును గ్రహించిరి. లంకలో రాక్షసుల నడుమ నిలిచి హనుమంతుడు తాను కోసలేంద్రుని దాసుడనని చాటెను. అందులో భయమెక్కడ? దైన్యమెక్కడ? ఆళ్వారులలో ఒకరు భక్తుల పాదధూళి యని తనకు పేరు పెట్టుకొనిరి. శ్రీరామానుజులు కావేరికి స్నానమునకు పోవునపుడు బ్రాహ్మణ శిష్యుడైన దాశరథి భుజముపై చేయివేసికొని, స్నానానంతరము వచ్చునపుడు మల్లుడైన ధనుర్దాసుని భుజముపై చేయివేసికొని వచ్చెడివారని గురుపరంపర చెప్పుచున్నది. స్నానమైన తరువాత ఎవరిని తాకవలెనో ఆ చేయియే బోధించినది.

12వ శతాబ్దిలో కల్యాణపురమున బిజ్జలుని కొలువులో మంత్రియైన బసవేశ్వరుడు దాసోహమును ఒక ఆచారముగా నిలిపెను. తాను కష్టించి సంపాదించినది జంగమునకు, భక్తులకు పెట్టుట. ఇది దానము కాదు. దానములో ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద. దాసోహములో ఇచ్చువాడే సేవకుడు. ఆ మహనీయుని చరితమును 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో రచించి మనకిచ్చెను. కన్నడదేశమున పురందరదాసు, కనకదాసు మొదలగు హరిదాసులు వీధులలో పాడిరి. తాళ్ళపాక అన్నమాచార్యులు రాజునకు, బంటునకు నిద్ర ఒక్కటేయని, పరబ్రహ్మ మొక్కటేయని చాటిరి. పాల్వంచ పరగణా తహసీలుదారైన కంచెర్ల గోపన్న తానీషా ప్రభుత్వమునకు ఉద్యోగి. భద్రాద్రి గుడికై ఖజానా సొమ్ము వెచ్చించి గోలకొండ చెరసాలలో పడెను. లోకము ఆయన ఉద్యోగమును మరచినది; రామదాసను పేరు మిగిలినది. త్యాగరాజస్వామి రాజాస్థానమును కాదని, రాముని కొలువులో బంటు పదవిని వేడుకొనిరి.

ఈ మహనీయులు చేసినది ఏమి? లోకములో అతి నీచముగా చూడబడిన పేరును తీసి తమ తలపై పెట్టుకొనిరి. దానివలన పుట్టిన ధర్మము ఒకటి. అందరును భగవంతుని దాసులే యైనచో, ఒకరిని మరియొకరు దాసులుగా చేసికొనుటకు వీలులేదు. స్వామి సొత్తును అపహరించినట్లే యగును.

కాని మనము ఆ ధర్మమును నిలుపుకొంటిమా? విష్టి యను సంస్కృతపదము తెలుగులో వెట్టి యైనది. నిజాము రాజ్యమున దేశముఖుల గడీలలో కూలి లేని వెట్టిచాకిరి 20వ శతాబ్ది నడుమవరకు సాగినది. దానికి ఎదురుగా ఆంధ్రమహాసభ గొంతెత్తినది. దేవుని పేరిటనే మరియొక అన్యాయము జరిగినది. దేవదాసి యను మాట పుట్టుకలో ఎంత పవిత్రము! సంగీత నృత్యములను కాపాడిన తల్లులు వారు. కాని కాలక్రమమున, ఇంకను మాట తెలియని ఆడపిల్లను గుడికి సమర్పించి మనుష్యుల వశము చేసిరి. ఆమె “నేను నీవాడను” అని తానై పలికినదా? లేదు. అడుగకయే ఆమెను ఇచ్చివేసిరి. కనుకనే 1947లో మదరాసు రాష్ట్రమునను, 1988లో ఆంధ్రప్రదేశమునను దానిని నిషేధించు చట్టములు వచ్చినవి. బానిసత్వమునకు న్యాయస్థానములలో గుర్తింపును 1843 నాటి చట్టము తొలగించెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించెను. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చెను. పండితులు చెప్పవలసినదానిని చట్టము చెప్పవలసివచ్చెనని మనము కొంచెము సిగ్గుపడవలెను.

భక్తులారా! “దాసుని తప్పులు దండముతో సరి” అని మనకొక సామెత కలదు. స్వామి యెదుట నిలిచి మన తప్పులకు ఈ సామెతను చెప్పుకొందుము. మన ఇంట అంట్లు తోము అమ్మ చేతినుండి గాజుగిన్నె జారిపడినపుడు ఈ సామెత మనకు గుర్తుకు వచ్చునా? సిగాలుడను గృహస్థునకు బుద్ధభగవానుడు పనివారియెడ అయిదు విధులు చెప్పెను. శక్తికి తగిన పని, వేళకు అన్నము జీతము, జబ్బుచేసినపుడు సంరక్షణ, విశేషమైన వంటకములలో పాలు, తగిన సమయమున సెలవు. ఇవి పెద్ద తపస్సులు కావు. రేపు ఉదయమే మొదలు పెట్టదగినవి.

ఆలయమునకు వచ్చినపుడు ముందుగా ప్రాంగణము ఊడ్చినవారిని, అన్నదానశాలలో అండాలు కడుగువారిని చూడుడు. వారు చేయునది కైంకర్యము. మనము పలుకునది దాసోహము. రెండింటిలో స్వామికి ఏది ముందు చేరునో ఆలోచింపుడు. ఇంట ఎవరి భుజముపైననైనను మనము మోపిన కుండ ఉన్నచో, దానిని మన చేతులతో దింపి, ఆ తరువాత హరిదాసు అక్షయపాత్రలో బియ్యము పోయుదము. అప్పుడు మన నమస్కారము సార్థకమగును.

స్వస్తి.