తాళంచెవి ఎవరి దగ్గరుంది?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ రోజుల్లో బళ్ళలో యంత్రాలు లేవు కనక అక్కడితో ఆపారు గానీ, ఉండి ఉంటే "బడిలో యంత్రం పెట్టి చూడు" అని మూడోది కూడా చేర్చేవారే.

పెళ్ళంటే పందిరి ఒక్కటే కాదని మనకి తెలుసు. వంటవాళ్ళెవరు, విడిది ఎక్కడ, మంగళసూత్రాల పెట్టె ఎవరి చేతిలో ఉండాలి, వియ్యపురాలికి కాఫీ ఎవరు అందించాలి, ఇవన్నీ నెలరోజుల ముందే కాగితం మీద రాసుకుంటాం. సర్కారు బళ్ళకి టీవీలూ, కంప్యూటర్లూ పంపించిన పెద్దలు మాత్రం పందిరి వేయించి "పెళ్ళి అయిపోయింది" అనుకున్న సందర్భాలు మన దగ్గర చాలానే ఉన్నాయి. అలా అనుకోనిది ఒకటి ఉంది. మంచి మాట ముందు చెప్పుకోవాలంటారు కదా, దానితోనే మొదలుపెడతాను.

1975 ఆగస్టు 1న అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని మన దేశం ఏడాదిపాటు ఎరువు తెచ్చుకుంది. పక్కింటావిడ దగ్గర అట్లపెనం అడిగి తెచ్చుకున్నట్టే అనుకోండి. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆ ఉపగ్రహం ఆరు రాష్ట్రాల్లోని 2400 పల్లెలకి బొమ్మలు పంపింది. ఈ ప్రయత్నానికి 'సైట్' అని పేరు. అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా అందులో ఉన్నాయి. పొద్దున్న బడిపిల్లలకి ఒక్కో భాషలో ఇరవై రెండున్నర నిమిషాల పాఠం, సాయంత్రం పెద్దలకి వ్యవసాయం, ఆరోగ్యం, ఆటపాటలు. తెలుగు కార్యక్రమాలు తయారైంది మన హైదరాబాదులోనే. ఆ టీవీ పెట్టెలు తయారైంది కూడా ఇక్కడి ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారంలోనే. ఆ సంస్థని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారు మన తెలుగువారు. ఏ.ఎస్. రావు నగర్ అని మనం రోజూ అనుకునే పేరు ఆయనదే.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అన్న సామెత ఇక్కడ ఎవరికైనా గుర్తొస్తుంది. కప్పు కారే బడికి ఆకాశం నుంచి పాఠమా అని! కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ పని వెనక ఉన్న ముందుచూపు చూస్తే ముచ్చటేస్తుంది. అమెరికా వాళ్ళతో ఒప్పందం జరిగింది 1969లో. అంటే ఆరేళ్ళు సన్నాహం. దీన్ని కలగన్న విక్రం సారాభాయి గారు 1971 చివర్లోనే పోయారు, పాపం, కళ్ళారా చూడలేదు. మిగిలినవాళ్ళు ఆయన కలని విడిచిపెట్టలేదు.

ఏం చేశారంటే, పల్లెల్ని ఎక్కడంటే అక్కడ ఏరకుండా గుంపులు గుంపులుగా ఎంచారు. పెట్టె చెడిపోతే బాగుచేసేవాడు అందుబాటులో ఉండాలి కదా! మరమ్మతు కేంద్రాలు ముందే పెట్టారు. కోళ్ళగూటికి వాడే వల లాంటి తీగవలతో పదడుగుల గొడుగు తయారుచేశారు, ఖర్చు తగ్గేటట్టు. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీలు పెట్టారు. ప్రతి పెట్టెకీ ఊళ్ళో ఒక మనిషిని బాధ్యుణ్ణి చేశారు. సెలవుల్లో ఆ టీవీ ద్వారానే దాదాపు యాభై వేలమంది ఉపాధ్యాయులకి సైన్సు ఎలా చెప్పాలో శిక్షణ ఇచ్చారు. ఫలితం ఎలా ఉందో కనిపెట్టడానికి పరిశోధకులు ఆ పల్లెల్లోనే మకాం వేశారు.

చివరికి తేలిందేమిటంటే, ఆరోగ్యం వంటి విషయాల్లో ఎక్కువ నేర్చుకున్నది చదువురానివాళ్ళూ, ఆడవాళ్ళూనట! మగవాళ్ళకి ఊళ్ళు తిరిగి తెలుసుకునే దారులున్నాయి. ఆవిడకి దొరికిన మొదటి కిటికీ అదే. ఈ ఒక్క సంగతి కోసమైనా ఆ ఏడాదిని మనం గుర్తుపెట్టుకోవాలి.

ఎరువు సొమ్ము ఎన్నాళ్ళు? 1976 జులై 31తో గడువు తీరింది. ఉపగ్రహం వెళ్ళిపోయింది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1983లో మన సొంత ఇన్సాట్-1బి ఆకాశంలోకి వెళ్ళింది. పెట్టెలు పెరిగాయి. పెట్టె వెనక మనిషిని నిలబెట్టాలన్న పట్టుదల మాత్రం ఆ స్థాయిలో పెరగలేదు.

1984లో 'క్లాస్' అనే పథకం వచ్చింది. దేశంలో దాదాపు 250 బళ్ళతో ఆరంభించి, తరువాత ఇంకా చాలా బళ్ళకి కంప్యూటర్లు ఇచ్చారు. అవి ఇంగ్లండులో పేరుపడ్డ బీబీసీ మైక్రో కంప్యూటర్లు. వాటితో వచ్చిన పాఠాలూ అక్కడివే, ఇంగ్లీషులోవే. కొద్దిపాటి శిక్షణతో టీచర్లని వాటి ముందు కూర్చోబెట్టారు.

ఇప్పుడు ఇంకో తేదీ చెబుతాను, నవ్వకండి. ప్రాథమిక పాఠశాలలన్నిటికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఒక నల్లబల్ల ఉండాలంటూ 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్' అనే పథకం మొదలైంది 1987లో! ఆ ఇద్దరు టీచర్లలో ఒకరు ఆడమనిషైతే మంచిదని కూడా అందులో ఉంది. అంటే ఉపగ్రహం 1975లో, కంప్యూటరు 1984లో, నల్లబల్ల 1987లో. ముందు ఫ్రిజ్జు కొని, తరువాత మిక్సీ కొని, ఆ తరువాత పొయ్యి సంగతి ఆలోచించిన ఇల్లాలిని మనం ఏమంటాం చెప్పండి?

ఇక మా పేట సంగతికి వస్తాను. నేనుండేది పంజగుట్టలో. కూరలకి వెళ్ళినా, చీరలకి వెళ్ళినా అమీర్‌పేటే. 1990ల నుంచి ఆ అమీర్‌పేటలో ఒక విచిత్రం పెరిగింది. మైత్రీవనం చుట్టుపక్కల, ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో, ఏ మేడ చూసినా కంప్యూటరు కోర్సుల బోర్డులే. కింద ఇడ్లీ బండి, మధ్యలో జిరాక్సు కొట్టు, పైన జావా, ఒరాకిల్. శ్రీకాకుళం నుంచీ, అనంతపురం నుంచీ, ఆదిలాబాదు నుంచీ పిల్లలు బస్సు దిగి, హాస్టలు గదుల్లో ఇరుక్కుని, మూడు నెలల్లో ఏదో ఒకటి నేర్చుకుని పోయేవారు. 2000 సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయని ప్రపంచమంతా కంగారుపడిందే, ఆ రోజుల్లో మరీనూ!

దీనికి ఏ సర్కారూ ప్రణాళిక వెయ్యలేదు. శంకుస్థాపన లేదు, రిబ్బను లేదు. ఎందుకు నడిచిందంటారా? అక్కడ యంత్రం కంటే ముందు చెప్పే మనిషి ఉన్నాడు. పాఠం బాగా చెప్పే మాస్టారి పేరు నోటిమాటగానే ఊళ్ళు దాటేది. చెడిపోయిన కంప్యూటరు సాయంత్రానికల్లా బాగుపడేది, లేకపోతే మర్నాడు ఫీజు రాదు. అయితే ఒక్కటి. ఫీజు కట్టగలిగినవాళ్ళకే ఆ మేడ మెట్లు. అదే వీధుల్లో ఇళ్ళల్లో పనిచేసే తల్లుల పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు ఆ బోర్డుల కిందనుంచే నడిచి సర్కారు బడికి పోయేవారు. రాష్ట్రానికంతటికీ కంప్యూటరు నేర్పిన వీధి, తన మూలనున్న బీదపిల్లకి నేర్పలేకపోయింది. బళ్ళలో ప్రణాళిక ఎందుకు కావాలో దీన్ని బట్టే తెలుస్తుంది.

సర్కారు చేతులు ముడుచుకుని కూర్చుందని కాదు. 2008లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు చదువు పెట్టింది. కంపెనీలే కంప్యూటర్లు తెచ్చి, తమ మనుషులచేతే పాఠాలు చెప్పించి, అయిదేళ్ళ గడువు తీరాక సామాను బడికి అప్పగించి వెళ్ళిపోవాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ చెప్పే పిల్లలకి జీతమిచ్చేది బడి కాదు, కంపెనీ. గడువు తీరింది, పాఠం చెప్పే మనిషి వెళ్ళాడు, పాతబడ్డ కంప్యూటర్లు మిగిలాయి. అత్తవారు నగలు ఇంట్లో ఉంచి పిల్లని పుట్టింటికి పంపినట్టయింది.

నా స్నేహితురాలొకావిడ సర్కారు బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. ఏ బడో చెప్పను, ఏ బడైనా ఒకటే. వాళ్ళ కంప్యూటరు గదికి కర్టెన్లు, బయట చెప్పులు విప్పాలని బోర్డు, కంప్యూటర్లకి కుట్టించిన గలేబులు. తాళంచెవి హెడ్మాస్టరు గారి బీరువాలో. ఆయనేమో వారంలో మూడురోజులు మీటింగులకి.

"నువ్వు అడిగి తీసుకోవచ్చుగా?" అన్నాను.

"అడగొచ్చు. తీసుకుంటే స్టాకు రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఒక్క వైరు పోయినా సంజాయిషీ నాది. వాడి పాడుచేస్తే మెమో వస్తుందే, వాడకుండా పాడైతే ఎవరికీ రాదు!" అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. మన ఇళ్ళల్లో వెండి గిన్నెలు బీరువాలో నల్లబడినా ఫరవాలేదు, ఎప్పటికైనా తోముకోవచ్చు. ఎనిమిదో తరగతి పిల్ల మాత్రం మర్నాటేడు తొమ్మిదికి వెళ్ళిపోతుంది. దాని ఎనిమిదో తరగతి మళ్ళీ రాదు.

ఆ తరువాత 2020. కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో సర్కారు బడి పిల్లలకి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి. నలభై అయిదేళ్ళ కిందటి 'సైట్' మళ్ళీ ఇంటికొచ్చిందనిపించింది నాకు. టీచర్లు కష్టపడి చెప్పారు, అందులో సందేహం లేదు. కానీ మా ఇంట్లో పనిచేసే ఆవిడకి ఇద్దరు ఆడపిల్లలు. పాఠాలు వింటున్నారా అని అడిగితే ఏమందో వినండి.

"టీవీ ఖరాబైందమ్మా. ఫోను మా ఆయన జేబుల ఉంటది. పొద్దుగాల పనికి తీస్కపోతడు, రాత్రికి తెస్తడు. పాఠం పదింటికి వస్తదట. పోరగాళ్ళేం జేస్తరు?"

తాళంచెవి ఈసారి హెడ్మాస్టరు గారి బీరువాలో లేదు, నాన్న జేబులో ఉంది. అంతే తేడా!

తరువాత కూడా యంత్రాలు వస్తూనే ఉన్నాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి టాబ్‌లు పంచారు. తెలంగాణ బళ్ళలో గోడంత తెరలు పెడుతున్నారు. ఇప్పుడు కృత్రిమ మేధ అంటున్నారు. రానివ్వండి, మంచిదే. మిక్సీ వద్దని రోలు ముందు కూర్చోమనే మనిషిని కాను నేను. రోటి పచ్చడి రుచి గురించి వ్యాసాలు రాసేవాళ్ళు సాధారణంగా రుబ్బినవాళ్ళు కారు!

నా మనవల్లా ఒక్కటే. బడికి యంత్రం కొనే పెద్దలు, వంటింటికి వస్తువు కొనే ఇల్లాలిలా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. దీన్ని రోజూ వాడేదెవరు, ఆవిడ్ని అడిగామా? చెడిపోతే ఎవరు వస్తారు, ఎన్నాళ్ళకి వస్తారు? మన పిల్లకి అర్థమయ్యే భాషలో ఉందా? కొనిపెట్టినవాడు వెళ్ళిపోయాక కూడా నడుస్తుందా? 1975లో ఈ ప్రశ్నల్లో చాలావాటికి జవాబులు రాసుకున్నాకే స్విచ్చి వేశారు. అప్పటికి మన దగ్గర డబ్బూ తక్కువే, కరెంటూ తక్కువే. ఉన్నది ఓపిక.

ఇదంతా సచివాలయంలో తేలాల్సిన విషయం, మనకెందుకు అనకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులమంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగంమంది ఆడవాళ్ళు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచెయ్యడం ఆ కమిటీ పనే. 2024లో తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలని పెట్టి, బళ్ళ మరమ్మతుల పని మహిళా సంఘాల వాళ్ళకి అప్పగించారు. అంటే అడిగే హక్కు మన కొంగున కట్టే ఉంది. ముడి విప్పుకోవడమే తరువాయి.

ఈ మాట మా పనావిడతో చెప్పాను. "మీటింగుకి పిలిస్తే సంతకం పెట్టి వస్తమమ్మా, ఏమడగాలె?" అంది. ఒక కాగితం మీద పైన చెప్పిన నాలుగు ప్రశ్నలూ రాసి ఇచ్చాను. పెద్దపిల్ల చేత రెండుసార్లు చదివించుకుని, మడిచి, డబ్బులు పెట్టుకునే చిన్న సంచిలో దాచుకుంది. మీటింగు వచ్చే శనివారమట.

మీ వీధి చివర కూడా ఒక సర్కారు బడి ఉండే ఉంటుంది. అటు వెళ్ళినప్పుడు ఒకసారి లోపలికి తొంగిచూసి, ఆ కంప్యూటరు గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో అడిగి రండి. "తాళమే వెయ్యమండీ, పిల్లలు ఎప్పుడూ అందులోనే ఉంటారు" అని జవాబొస్తే మాత్రం నాకొక కార్డుముక్క రాసి పడెయ్యండి. చూడ్డానికి వస్తాను.