మార్వాడీ గుర్రం, మా తాత జట్కా

మా తాత బళ్ళారిలో జట్కా తోలేవారు. గుర్రం కొనేటప్పుడు ఆయన పరుగు చూసేవారు కాదంట, నడక చూసేవారంట. "వెనక కూర్చున్న ముసలమ్మకి నడుం పట్టేయకూడదు, అదే మంచి గుర్రం" అనేవారని నాయనమ్మ చెప్పేది. జోధ్‌పూర్‌లో మార్వాడీ గుర్రం ఎక్కిన రోజు ఆ మాట మాకు అర్థమైంది.

ఈ జాతిని గుర్తుపట్టడం సులువు. రెండు చెవుల కొనలూ లోపలికి వంగి, ఒకదానికొకటి తగిలేటట్టు ఉంటాయి. మార్వాడ్ నేలిన రాఠోడులు వీటిని యుద్ధాల కోసం పెంచారు. అసలు గొప్ప మాత్రం నడకలో ఉంది. మామూలు గుర్రం దుడుకు నడకలో పోతే ముందు కుడికాలు, వెనక ఎడమకాలు జంటగా లేస్తాయి. ఎక్కినవాడు ఎగిరెగిరి పడతాడు. 'రవాల్' నడకలో అయితే ఒకే పక్క కాళ్ళు రెండూ దాదాపు కలిసి కదులుతాయి. కుదుపు తక్కువ. ఇసుకలో దూరం పోవాలన్నా మనిషికి అంత అలుపు రాదు. జాతిలో అన్ని గుర్రాలకీ ఈ నడక ఉండదు. పుట్టుకతో ఉన్నదానికి గిరాకీ ఎక్కువ.

ఇంత మంచి గుర్రం కూడా పోయేదే. ఇంగ్లీషువాళ్ళకి వాళ్ళ థరోబ్రెడ్లే ముద్దు, మార్వాడీ చెవులంటే నవ్వు. 1930లలో మహారాజా ఉమేద్ సింగ్ మంచి పోతుగుర్రాలనీ ఆడగుర్రాలనీ కూడగట్టి జాతిని నిలబెట్టారు. స్వాతంత్ర్యం తర్వాత జాగీర్లు పోయాయి, మేపే స్తోమత పోయింది. చాలా గుర్రాలు బరువులు మోసే పనికి దిగిపోయాయి. తర్వాత గజ్ సింగ్ లాంటివాళ్ళు మళ్ళీ పట్టించుకున్నారు. ఇప్పుడు పెళ్ళి ఊరేగింపులకీ, సవారీకీ, పర్యాటకులకీ ఇవి కావాలి. పని దొరికింది కాబట్టి జాతి బతికింది.

మా జట్కాకి ఆ అదృష్టం లేదు. ఆటోలు వచ్చాయి, తాత గుర్రాన్ని అమ్మేశారు. దాంతోపాటు మాటలూ పోయాయి. మేం కన్నడ బడిలో చదివినవాళ్ళం, గుర్రం కాలికి కొట్టేదాన్ని 'లాళ' అంటాం. గుంటూరు చుట్టాలు నవ్వి "లాడం అనాలి" అంటారు. తాత ఏమనేవారో అడుగుదామంటే ఆయన లేరు, నాయనమ్మా లేదు.

మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. పొద్దస్తమానం ఎక్కడ కుదుపు ఉందో వెతకడమే పని. తాత చేసిందీ అదే కదా అనిపిస్తుంది. మీ ఇంట్లో జట్కా కాలం చూసిన పెద్దలుంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడగండి. జీను, కళ్ళెం, కొరడా, దేన్ని ఏమనేవారో రాసి పెట్టుకోండి. మేం ఆలస్యం చేశాం.