కట్టప్ప ప్రశ్న

'బాహుబలి' సినిమా మొదటి భాగం 2015 జూలై 10న విడుదలైంది. అప్పటి నుంచి దాదాపు రెండేళ్లు తెలుగువాళ్లు వదలకుండా చర్చించుకున్న ప్రశ్న ఇది: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి, కథకుడు వి. విజయేంద్రప్రసాద్ జవాబును రెండో భాగానికి అట్టిపెట్టారు. ఈలోగా ప్రేక్షకులే తలా ఒక కథ అల్లారు. బాహుబలికి ప్రత్యర్థి అయిన భల్లాలదేవుడి కుట్ర అన్నారు, రాజాజ్ఞ అన్నారు, అసలు బాహుబలి చావనేలేదన్నారు.

తెలియని చోటును కథతో పూరించడం మనకు పాత అలవాటే. దివిసీమలో మోపిదేవి పేరు మోహినీపురం నుంచి వచ్చిందంటారు. అక్కడ పాముచుట్టలే పానవట్టంగా సుబ్రహ్మణ్యుడు లింగరూపంలో ఎందుకు వెలిశాడో స్థలపురాణం చెబుతుంది.

కట్టప్ప గురించి అల్లిన ఊహల్లోనూ బలమైనవి సినిమాలోని ఆధారాలను పట్టుకున్నవే. వ్యాపారి అస్లంఖాన్ బానిసత్వం నుంచి స్వేచ్ఛ ఇప్పిస్తానన్నా, పూర్వీకులు సింహాసనానికిచ్చిన మాట ఉందని కట్టప్ప ఒప్పుకోడు. ఆ కట్టప్పే బాహుబలి కొడుకు శివుడి ముఖం చూసి, మోకాళ్ల మీద జారుతూ వచ్చి, అతని పాదం నెత్తిన పెట్టుకుంటాడు. అంత ప్రేమ ఉన్నవాడు పగతో చంపడు, మాటకు కట్టుబడి చంపుతాడు. ఇలా ఆలోచించినవారు జవాబుకు చాలా దగ్గరగా వెళ్లారు. 2017 ఏప్రిల్ 28న వచ్చిన రెండో భాగంలో చంపమన్న ఆజ్ఞ రాజమాత శివగామిది. ఆమె భర్త బిజ్జలదేవుడు, కొడుకు భల్లాలదేవుడు ఆమెను నమ్మించి ఇప్పించినది.