లెక్కలో చివరి గడి: మారిషస్‌లో క్రియోల్ ప్రజల స్థానం

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరంలో ఉన్న మారిషస్ దీవికి మూలవాసులంటూ ఎవరూ లేరు. 1598లో డచ్చివారు అడుగుపెట్టేనాటికి అక్కడ మనిషి అలికిడే లేదు. 1638లో వారు నెలకొల్పిన వలస 1710లో మూతపడగా, 1715లో ఫ్రెంచివారు దీవిని తమదిగా ప్రకటించుకున్నారు, 1810లో ఆంగ్లేయులు దాన్ని వారి నుంచి గెలుచుకున్నారు. ఈనాడు అక్కడ నివసించే పన్నెండు లక్షల పైచిలుకు జనంలో దాదాపు అందరూ ఓడ దిగినవారి సంతానమే. అయితే ఓడ దిగిన తీరు అందరిదీ ఒకటి కాదు: కొందరు భూస్వాములుగా, కొందరు సంకెళ్లతో, కొందరు ఒప్పందపత్రం మీద నిశాని పెట్టి, మరికొందరు చిల్లర దుకాణం పెట్టుకునేందుకు వచ్చారు. భిన్న జాతుల సామరస్యానికి ఈ దీవిని నమూనాగా చూపడం పరిపాటి. ఆ మాటలో నిజం లేకపోలేదు గానీ, ఎవరు ఎలా వచ్చారన్నదే ఎవరికి ఎంత చోటు దక్కిందన్నదాన్ని నేటికీ శాసిస్తున్నదన్న సంగతిని అది మరుగుపరుస్తుంది.

ఫ్రెంచి పాలనలో, ముఖ్యంగా 1735లో గవర్నరుగా వచ్చిన మహే ద లా బూర్దొనే కాలం నుంచి, రేవు, కోట, రహదారులు, చెరకు తోటలు అన్నీ మడగాస్కర్, మొజాంబిక్ తీరాల నుంచి తెచ్చిన బానిసల చేతుల మీదుగానే లేచాయి. పుదుచ్చేరి నుంచి రప్పించిన పనివారు, భారతదేశం నుంచి తెచ్చిన బానిసలు కూడా వారిలో కలిశారు. పద్దెనిమిదో శతాబ్దం ముగిసేనాటికి దీవి జనాభాలో ఐదింట నాలుగు వంతుల మంది బానిసలే. యజమాని పెట్టిన పేరే వారి పేరు, అతడు ఇప్పించిన జ్ఞానస్నానమే వారి మతం. ఒకే ఊరివారు ఒకచోట ఉండే అవకాశం అరుదు కాబట్టి తాతల భాష రెండు మూడు తరాలలోనే చెదిరిపోయి, దాని స్థానంలో ఫ్రెంచి పదాల ఆధారంగా కొత్త నుడికట్టుతో క్రియోల్ భాష పుట్టింది. ఆ భాషకూ, ఆ బానిసల సంతతికీ అక్కడ ఒకటే పేరు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం 20 లక్షల పౌండ్లకు పైగా నష్టపరిహారం చెల్లించింది. అది ముట్టింది యజమానులకు. విముక్తి పొందినవారికి సెంటు భూమి గానీ, పైసా పరిహారం గానీ రాలేదు, పైగా శిక్షణ అనే పేరుతో మరికొన్నేళ్లు పాత యజమానుల దగ్గరే పనిచేయాల్సి వచ్చింది. మారిషస్ జాతి సంబంధాల చరిత్రలో ఇంతకంటె దీర్ఘకాలం ప్రభావం చూపిన అన్యాయం మరొకటి లేదు.

తోటలలో ఏర్పడిన కూలీల కొరతను భారతదేశం నుంచి తీర్చుకున్నారు. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో పోర్ట్ లూయీ రేవుకు చేరిన 36 మందితో మొదలైన ఈ రాక ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల దాకా సాగి, నాలుగున్నర లక్షల మందిని ఆ గట్టు ఎక్కించింది. 1849లో కట్టిన వలస డిపో నేడు ఆప్రవాసీ ఘాట్ అనే పేరుతో 2006 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ఉంది. కూలీలు ఎక్కిన 16 రాతి మెట్లు అక్కడ ఇప్పటికీ కనిపిస్తాయి. బీహారీలు, తమిళులు, మరాఠీలతో పాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి తీరాల తెలుగువారు కూడా ఆ మెట్లెక్కారు. కోరంగి రేవు నుంచి బయలుదేరినందువల్ల వారికి అక్కడ కొరింగీలన్న పేరు స్థిరపడింది. ఈ ఒప్పందకూలీలందరి బ్రతుకు కూడా కష్టాలమయమే. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. 1867 తరువాత, ఒప్పందం ముగిసిన పాత కూలీ కూడా తన ఫొటో అంటించిన అనుమతి పత్రం లేకుండా ఎస్టేటు దాటితే తిరుగుబోతుగా పరిగణించి జైలులో పెట్టేవారు. 1871లో అదోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే యూరోపియన్ భూస్వామి ముందుండి 9 వేల మందికి పైగా పాత కూలీల నిశానులతో అర్జీ పెట్టించడంతో రాయల్ కమిషన్ విచారణకు దిగింది.

అయినా బానిసకూ ఒప్పందకూలీకీ మధ్య ఉన్న తేడాను విస్మరించడం న్యాయం కాదు. కూలీకి తన పేరు, ఊరు, తండ్రి పేరు రిజిస్టరులో నమోదయ్యాయి, వక్రీకరించిన అక్షరాలతోనైనా. పండుగ, దేవుడు, పెళ్లితంతు వెంట వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలలో చక్కెర ధరలు పడిపోయి, ఎస్టేట్ల యజమానులు తమ అంచు భూములను ముక్కలు చేసి అమ్ముకున్నప్పుడు, పైసా పైసా కూడబెట్టిన భారత సంతతివారు వాటిని కొని చిన్నకారు చెరకు రైతులయ్యారు. ఆ భూమి మీదే వారి పిల్లల చదువు, ఆ చదువు మీదే రాజకీయం నిలిచాయి. అప్పటికే తోటలను విడిచి తీరపు పల్లెలకు, రేవు పనులకు చేరిన విముక్త బానిసల సంతతికి ఆ అవకాశం చాలావరకు చేజారింది.

దీవిలోని తెలుగువారి రామభజన ఈ తేడాకు కళ్లెదుటి సాక్ష్యం. నిలువెత్తు దీపస్తంభాన్ని నడుమ నిలిపి, దాని చుట్టూ భజనబృందం తాళాలతో పాడుతూ తిరుగుతుంది. ఆ పాటల భాష తెలుగు. పాడేవారిలో చాలామందికి ఇంట్లో మాట్లాడే భాష మాత్రం క్రియోలే. సింహాద్రి అప్పన్న పండుగ, అమ్మోరు పండుగ కూడా ఉత్తరాంధ్ర నుంచి అలాగే తరలివెళ్లి నిలిచాయి. ఉగాది అక్కడ జాతీయ సెలవుదినం. జనాభా లెక్కల పట్టికలలో మతం అన్న శీర్షిక కింద హిందూ అన్నదానికి వేరుగా తెలుగు, తమిళ, మరాఠీ అన్న పేర్లు కనిపించడం మన పాఠకులకు వింతగా తోచవచ్చు. కానీ సముద్రానికి ఆవలి తీరాన ఒక పూర్వీకుల ఊరిని చూపగలవారికే గుర్తింపు దక్కే వ్యవస్థలో అది సహజ పరిణామమే.

ఆ వ్యవస్థ రాజ్యాంగంలోకి ఎక్కిన వైనం తెలుసుకోదగినది. 1948 ఎన్నికలలో, ఏదో ఒక భాషలో చదవడం రాయడం వచ్చినవారికి ఓటుహక్కు విస్తరించడంతో ఓటర్ల సంఖ్య సుమారు 12 వేల నుంచి 70 వేలు దాటింది. 1959లో వయోజన ఓటుహక్కు వచ్చింది. భారత సంతతివారి సంఖ్యాబలం ప్రభుత్వంగా మారబోతున్నదని తేలగానే మిగిలిన వర్గాలలో భయం రేగింది. 1967 ఎన్నికలలో శివసాగర్ రామ్‌గులామ్ నాయకత్వంలోని స్వాతంత్ర్య కూటమి గెలిచినా, గయెతాన్ దువాల్ నడిపిన ప్రతిపక్షానికి 40 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. 1968 జనవరిలో, స్వాతంత్ర్యానికి కొద్ది వారాల ముందు, పోర్ట్ లూయీలో క్రియోల్, ముస్లిం ముఠాల మధ్య అల్లర్లు చెలరేగి ప్రాణనష్టం జరిగింది. బ్రిటిష్ సైనికులు సింగపూర్ నుంచి దిగాల్సి వచ్చింది. అప్పటిదాకా కలిసిమెలిసి ఉన్న పేటలలో కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని తమవారున్న పేటలకు తరలిపోయాయి. 1968 మార్చి 12న జెండా ఎగిరినప్పుడు ఆ గాయం పచ్చిగానే ఉంది.

అటువంటి భయాన్ని చల్లార్చడానికి పుట్టిందే బెస్ట్ లూజర్ విధానం: శాసనసభకు ఎన్నికయ్యే 62 మందికి తోడు, ఓడినవారిలో మెరుగైన ఓట్లు తెచ్చుకున్న ఎనిమిది మంది వరకు, తక్కువ ప్రాతినిధ్యం దొరికిన వర్గాల నుంచి చేర్చుకునే ఏర్పాటు. దీనికోసం రాజ్యాంగం ప్రజలను నాలుగు వర్గాలుగా విభజించింది: హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు, జనరల్ పాపులేషన్. మొదటి మూడింటిలో ఏ ఒక్కదానికీ చెందినట్లు జీవనవిధానం బట్టి కనిపించని ప్రతి వ్యక్తీ నాలుగో వర్గానికి చెందినవాడే అన్నది నిర్వచనం. అంటే దీవిని చెమటోడ్చి నిలబెట్టిన బానిసల సంతతికి చట్టంలో సొంత పేరు లేదు, మిగిలినవారు అన్న గడి మాత్రమే ఉంది. ఆ బానిసలను ఏలిన ఫ్రెంచి భూస్వాముల వారసులు కూడా అదే గడిలో ఉన్నారు. నాటి యజమాని వంశం, నాటి బానిస వంశం ఒకే పేరు కింద లెక్కకు రావడం వల్ల, ఆ వర్గం ధనవంతమైనదా పేదదా అన్న ప్రశ్నకు సర్కారు అంకెల నుంచి జవాబు దొరకదు. ఈ విధానం అల్పసంఖ్యాకులకు భరోసా ఇచ్చిందన్నది కాదనలేనిది, దానివల్ల 1968 నాటి మంటలు కొంతవరకు ఆరాయి కూడా. కానీ ఆ భరోసాకు మూల్యం ఎవరు చెల్లించారో చూడకుండా దాన్ని మెచ్చుకోవడం సగం చూపే అవుతుంది.

ఆ మూల్యం 1999లో బయటపడింది. క్రియోల్ బానిసల సెగా సంగీతాన్ని జమైకా రెగ్గేతో కలిపి సెగ్గే అనే కొత్త బాణీని తెచ్చిన గాయకుడు కాయా, ఒక సభలో గంజాయి తాగాడన్న ఆరోపణపై అరెస్టయి, ఫిబ్రవరి 21న పోలీసు కస్టడీలో మరణించాడు. అతడు పెరిగిన రోష్ బ్వా పేట నుంచి మొదలైన ఆగ్రహం రోజుల తరబడి దీవిని దహించింది. పోలీసు ఠాణాలపై దాడులు మొదలై, కొన్నిచోట్ల అది హిందూ, క్రియోల్ కుటుంబాల మధ్య కొట్లాటగా మారింది. అధ్యక్షుడు కాసమ్ ఉతీమ్ స్వయంగా జనం మధ్యకు వెళ్లి శాంతి కోరారు. ఆ దుఃఖంలో కాయా ఒక్కడి మరణమే లేదు. ప్రభుత్వ ఉద్యోగాలలో, బడి ఫలితాలలో, ఇళ్ల స్థలాలలో వెనుకబాటును 1990ల ఆరంభం నుంచే చర్చి పెద్దలు క్రియోల్ వెలితిగా పేర్కొంటూ వచ్చారు. దక్షిణాఫ్రికాకు చెందిన అలెక్స్ బొరెయిన్ అధ్యక్షతన ఏర్పడిన సత్య, న్యాయ కమిషన్ 2011లో ఇచ్చిన నివేదిక బానిసత్వపు ప్రభావాలను, భూములు కోల్పోయిన కుటుంబాల ఫిర్యాదులను నమోదు చేసింది.

అంకెలకూ పేర్లకూ ఎంత విలువ ఉందో తెలియాలంటే ఆ దేశపు కరెన్సీ నోటును చూడాలి. ఇంగ్లీషుతో పాటు తమిళ, హిందీ లిపులలో విలువ ముద్రించే ఆ నోట్లపై 1998లో హిందీని తమిళానికి ముందుకు తెచ్చేసరికి, తమ పూర్వీకులు ముందుగా దీవికి వచ్చారన్న తమిళులు నిరసన తెలిపారు. కొత్త నోట్లను వెనక్కి తీసుకుని, తమిళాన్ని పైవరుసలో ఉంచి మళ్లీ అచ్చువేశారు. ఎనభై శాతానికి పైగా ప్రజలు ఇంట్లో మాట్లాడే క్రియోల్‌కు ఆ వరుసల్లో దేనిలోనూ చోటు లేదన్నది ఆ గొడవలో చర్చకే రాలేదు.

ఆ భాషకు గౌరవం తెచ్చినవారిలో ముందువరుసలో నిలిచినవాడు తెలుగు మూలాలున్న దేవ్ విరాసామి. ఎడిన్‌బరోలో భాషాశాస్త్రం చదువుతూ 1967లోనే క్రియోల్‌పై పరిశోధనాగ్రంథం రాసిన ఆయన, మారిషస్ మిలిటెంట్ ఉద్యమ స్థాపకులలో ఒకరిగా రాజకీయాల్లోకి వచ్చి, తరువాత తన జీవితమంతా నాటకాలకు, కవిత్వానికి, షేక్స్‌పియర్ అనువాదాలకు, క్రియోల్ లిపి స్థిరీకరణకు వెచ్చించి 2023లో కన్నుమూశాడు. తన కొరింగీ వారసత్వాన్ని వదులుకోకుండానే, బానిసలు కట్టిన భాషను దీవి అందరి భాషగా చూడమని ఆయన అడిగాడు. 2012లో క్రియోల్ ప్రాథమిక బడులలో ఐచ్ఛిక పాఠ్యాంశంగా ప్రవేశించింది. సెగా సంగీతాన్ని 2014లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ సంగీతానికి ఆయువుపట్టు రవాన్ అనే డప్పు: మేకతోలు బిగించిన ఆ వలయాన్ని వాయించే ముందు నిప్పుసెగకు చూపించి తోలు బిగిసేదాకా వేడిచేస్తారు. మన ఊళ్లలో డప్పు కాచే పద్ధతి తెలిసినవారికి దాన్ని వేరుగా వివరించనక్కరలేదు.

ఇంతలో లెక్క మాత్రం కదలలేదు. 1972 తరువాత జనాభా లెక్కలలో వర్గాన్ని అడగడం మానేశారు. అయినా బెస్ట్ లూజర్ సీట్ల పంపకానికి నేటికీ ఆ 1972 నాటి అంకెలే ఆధారం. అభ్యర్థి తన వర్గం ప్రకటించకపోతే నామినేషన్ చెల్లదన్న నిబంధనను ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2012లో తప్పుపట్టగా, 2014 ఎన్నికలకు మాత్రం తాత్కాలిక సడలింపు ఇచ్చారు.

1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి. అక్కడి తెలుగువారికి పంతుళ్లను, పుస్తకాలను పంపే సంబంధం అప్పటినుంచి బలపడింది. ఆ సంబంధం ఏకముఖంగా ఉండిపోకూడదు. దేవ్ విరాసామి క్రియోల్ నాటకాలను, ఆ దీవిలోని బానిసల చరిత్రను తెలుగులోకి తేవడానికి మన విశ్వవిద్యాలయాలు, ప్రచురణకర్తలు పూనుకోవాలి.