నగర పాలక సంస్థల గ్రాంట్లు - స్వచ్ఛంద సంస్థల ప్రయోగాత్మక పథకాలు

(ప్రత్యేక వ్యాసం)

పర్యావరణ పరిరక్షణను, పేద కుటుంబాల ఉపాధిని ఒకే పనిలో జోడించే కొత్త పద్ధతులను తొలుత చిన్న స్థాయిలో పరీక్షించి చూసేందుకు నగర పాలక సంస్థలు, పురపాలక సంఘాలు స్వచ్ఛంద సంస్థలకు ఆర్థిక సహాయం అందించడం దేశంలో చాలాకాలంగా ఉన్న విధానం. ఒక వార్డులోనో, కొన్ని బస్తీలలోనో నిర్ణీత కాలం పాటు అమలు జరిపి, ఫలితాలను బట్టి పట్టణమంతటికీ విస్తరింపజేయడం ఈ ప్రయోగాత్మక పథకాల లక్ష్యం. తొలి ఏడాదిలో లభించే ఆదరణ కంటే, గ్రాంటు గడువు ముగిసిన తరువాత ఆ పని ఎవరి ఖర్చుతో, ఎవరి బాధ్యతపై కొనసాగుతుందన్న విషయమే ఈ పథకాల జయాపజయాలను నిర్ణయిస్తుందని గత అనుభవాలు తెలియజేస్తున్నాయి.

రాజ్యాంగ ప్రాతిపదిక

1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ద్వారా 12వ షెడ్యూలు చేర్చబడింది. రాష్ట్ర శాసనసభలు చట్టం ద్వారా పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను ఈ షెడ్యూలు పేర్కొంటున్నది. ఆర్థిక, సామాజికాభివృద్ధి ప్రణాళికల రూపకల్పన, పర్యావరణ పరిరక్షణ, మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన వీటిలో ఉన్నాయి. కనుక ఈ రంగాలలో స్వచ్ఛంద సంస్థకు గ్రాంటు ఇచ్చినప్పుడు నగర పాలక సంస్థ తన విధులలోనే ఒక భాగాన్ని ఆ సంస్థ ద్వారా నిర్వర్తిస్తున్నదని భావించవలసి ఉంటుంది. పని చేసేది స్వచ్ఛంద సంస్థ అయినా, ప్రజలకు జవాబు చెప్పవలసిన బాధ్యత పాలక సంస్థపైనే ఉంటుంది.

హైదరాబాద్‌లో తొలి అడుగు

హైదరాబాద్ నగరంలో పట్టణ సాముదాయక అభివృద్ధి పథకం 1967లో ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. బస్తీ సంక్షేమ సంఘాలు, మహిళా మండళ్ల ద్వారా బాలవాడీలు, కుట్టు శిక్షణ వంటి కార్యక్రమాలను చేపట్టడం, ఏ పని ముందు కావాలో బస్తీవాసులే నిర్ణయించుకునేలా ప్రోత్సహించడం ఈ పథకం అనుసరించిన పద్ధతి. తరువాతి కాలంలో యునిసెఫ్, బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో ఇది విస్తరించింది. పథకం సిబ్బంది నగర పాలక సంస్థలో ఒక విభాగంగా ఏర్పడినందున, విదేశీ సహాయం నిలిచిపోయినప్పటికీ పని ఆగిపోలేదు. 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగర పాలక సంస్థ ఏర్పడిన తరువాత కూడా యూసీడీ విభాగం కొనసాగింది.

పట్టణ పేదలకు సేవల పథకం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ ఆర్థిక సహాయంతో పట్టణ పేదలకు సేవల పథకం అమలు జరిగింది. తొలుత 32, అనంతరం 42 ప్రథమ శ్రేణి పట్టణాలు దీని పరిధిలోకి వచ్చాయి. లక్షకు పైబడిన జనాభా గల పట్టణాలను ప్రథమ శ్రేణి పట్టణాలుగా పరిగణిస్తారు. పురపాలక సంస్కరణలు, పేదల నివాస ప్రాంతాలలో మౌలిక వసతులు, పౌర సమాజ సంస్థల బలోపేతం అనే మూడు భాగాలుగా పథకాన్ని రూపొందించారు.

ప్రతి పట్టణమూ పేదరిక నిర్మూలనకు తన కార్యాచరణ ప్రణాళికను తయారు చేసుకోవలసి ఉండేది. పేదరికం, వసతుల లోటు అనే రెండు కొలమానాలపై బస్తీలను వర్గీకరించి, రెండింటిలోనూ వెనుకబడిన వాటికి ప్రాధాన్యం ఇచ్చారు. పలుకుబడి గల వార్డుకు ముందుగా నిధులు మళ్లే అలవాటుకు ఈ పద్ధతి కొంతవరకు అడ్డుకట్ట వేయగలిగింది. ఏ బస్తీని ఎందుకు ఎంచుకున్నారో కాగితంపై చూపగలగడం ప్రయోగాత్మక గ్రాంట్లకు కూడా అవసరమైన నియమం.

పథకం 2008లో ముగిసింది. అంతకు ముందే, 2007లో, పట్టణ ప్రాంత పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) ఏర్పడింది. మహిళా పొదుపు సంఘాలు, వాటిపై బస్తీ సమాఖ్యలు, ఆపైన పట్టణ సమాఖ్యలు అనే అంచెల నిర్మాణం ద్వారా ఉపాధి కార్యక్రమాలకు ఒక శాశ్వత వేదిక లభించింది. 2014లో రాష్ట్ర విభజన అనంతరం రెండు రాష్ట్రాలలోనూ మెప్మా కార్యకలాపాలు కొనసాగాయి. 2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో వినూత్న, ప్రత్యేక ప్రాజెక్టులకు విడిగా ఒక విభాగం కేటాయించబడింది.

అలప్పుళ నుంచి కుటుంబశ్రీ వరకు

పొరుగున ఉన్న కేరళలోనూ ఒక పట్టణంలో చేసిన ప్రయోగమే రాష్ట్ర కార్యక్రమానికి దారి తీసింది. 1990ల తొలి సంవత్సరాలలో అలప్పుళ పురపాలక సంఘంలో యునిసెఫ్ తోడ్పాటుతో పేద మహిళల పొరుగు బృందాలు ఏర్పాటయ్యాయి. పేద కుటుంబాలను గుర్తించేందుకు ఆదాయాన్ని మాత్రమే చూడకుండా ఇల్లు, తాగునీరు, మరుగుదొడ్డి, చదువు వంటి తొమ్మిది అంశాలను ప్రమాణంగా తీసుకున్నారు. అనంతరం మలప్పురం జిల్లాలో ఈ పద్ధతిని అనుసరించారు. ఈ అనుభవాల ఆధారంగా 1998లో కుటుంబశ్రీ ప్రారంభమైంది.

పూణే అనుభవం

పర్యావరణం, ఉపాధి రెండింటికీ ఉపకరించిన ప్రయోగాలలో పూణే నగరానికి ప్రత్యేక స్థానం ఉంది. అక్కడ చెత్త ఏరుకుని జీవించేవారిలో అత్యధికులు మహిళలు. ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయం కార్యకర్తల చొరవతో 1993లో వీరు ఒక కార్మిక సంఘంగా సంఘటితమయ్యారు. కుండీలలో, డంపింగ్ యార్డులలో వెతుక్కునే బదులు ఇంటి వద్దనే వేరు చేసిన చెత్తను సేకరిస్తే వారి ఆరోగ్యానికీ, నగర పరిశుభ్రతకూ మేలు జరుగుతుందన్నది ఈ ఆలోచనకు మూలం. ప్రయోగ దశ ముగిసిన తరువాత, చెత్త సేకరించేవారే యజమానులుగా గల 'స్వచ్ఛ్' సహకార సంఘంతో పూణే నగర పాలక సంస్థ 2008లో ఐదేళ్ల ఒప్పందం చేసుకుంది.

ఈ ఏర్పాటులో సభ్యుల రాబడికి రెండు మార్గాలున్నాయి. ప్రతి ఇంటి నుంచి నెలవారీ రుసుము వసూలవుతుంది. సేకరించిన చెత్తలో అమ్ముడుపోయే కాగితం, ప్లాస్టిక్, లోహం, గాజు విక్రయం ద్వారా వచ్చే సొమ్ము కూడా సభ్యులకే చెందుతుంది. నగర పాలక సంస్థ సంఘం నిర్వహణ వ్యయంలోనూ, తోపుడు బండ్లు, చేతి తొడుగులు వంటి పరికరాల విషయంలోనూ తోడ్పడుతుంది. కార్మికుల రోజువారీ రాబడి గ్రాంటుపై ఆధారపడకపోవడం ఈ నమూనాలోని బలం.

దీనిలోని బలహీనత కూడా గమనార్హం. తొలి ఒప్పందం గడువు 2013లో ముగియగా, కొత్త ఒప్పందం 2016లో మాత్రమే కుదిరింది. 2020 చివరిలో మరలా గడువు సమీపించినప్పుడు అనిశ్చితి పునరావృతమైంది. విజయవంతమైనదిగా దేశమంతటా పేరు పొందిన ఏర్పాటు సైతం సంతకం కోసం నిరీక్షించవలసి రావడాన్ని బట్టి, ఒప్పందం పొడిగింపు నిబంధన ముందుగానే రాసుకోవడం ఎంత అవసరమో తెలుస్తుంది. ఆ నిరీక్షణ భారం మోసేది తోపుడు బండి నెట్టే మహిళలే. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెత్త ఏరేవారి సంఘాలను గుర్తించి, సేకరణ వ్యవస్థలో భాగస్వాములను చేయాలని స్థానిక సంస్థలను ఆదేశించాయి.

నిధులకు సంబంధించిన నియమాలు

కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లకు 2017 సాధారణ ఆర్థిక నిబంధనలు వర్తిస్తాయి. వీటి ప్రకారం గ్రాంటు పొందిన సంస్థ నిధుల వినియోగ ధ్రువపత్రాన్ని ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలలలోగా సమర్పించాలి. మిగిలిపోయిన సొమ్మును తిరిగి చెల్లించాలి. గ్రాంటుతో కొనుగోలు చేసిన ఆస్తులను అనుమతి లేకుండా విక్రయించరాదు. లెక్కలను మంజూరు చేసిన అధికారి తనిఖీకి, ఆడిట్‌కు అందుబాటులో ఉంచాలి. రాష్ట్ర, పురపాలక నిధులకు ఆయా ప్రభుత్వాల ఆర్థిక నియమావళి వర్తిస్తుంది.

స్వచ్ఛంద సంస్థల నమోదుకు ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 వీలు కల్పిస్తున్నది. పొదుపు సంఘాల సమాఖ్యలు, ఉత్పత్తిదారుల బృందాలు సభ్యులే యజమానులుగా వ్యాపారం చేసుకునేందుకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం అవకాశమిచ్చింది. సేవా కార్యక్రమానికి సొసైటీ, సభ్యులకు రాబడి తెచ్చే పనికి సహకార సంఘం అనువైన రూపాలు. ఈ ఎంపిక పథకం ఆరంభంలోనే జరిగితే విస్తరణ దశలో చిక్కులు తగ్గుతాయి.

మంజూరుకు ముందు పరిశీలించవలసిన అంశాలు

* పరీక్షించదలచిన విషయం ఒక్క వాక్యంలో స్పష్టంగా ఉన్నదా? ఏ ఫలితం వస్తే పథకాన్ని విస్తరిస్తారో, ఏ ఫలితం వస్తే నిలిపివేస్తారో ముందే రాసుకున్నారా?

* పథకం ప్రారంభానికి ముందున్న స్థితిని నమోదు చేశారా? చెత్త పరిమాణం, కుటుంబ ఆదాయం, నీటి వాడకం వంటి అంకెలు మొదట లేకపోతే చివర పోల్చిచూసే అవకాశం ఉండదు.

* బస్తీ ఎంపికకు కారణాలు బహిరంగంగా తెలియజేశారా?

* గ్రాంటు విడతలు పనికి తగిన సమయంలో అందుతాయా? చిన్న సంస్థకు సొంత నిధులు స్వల్పం. విడత ఆలస్యమైతే మొదట ఆగేది క్షేత్రస్థాయి సిబ్బంది జీతమే.

* గడువు తరువాత ఖర్చును భరించేది పురపాలక బడ్జెట్టా, వినియోగదారుల రుసుమా, అమ్మకాల రాబడియా? బడ్జెట్ అయితే ఏ పద్దు కింద?

* ఒప్పందం పొడిగింపుపై గడువుకు కనీసం ఆరు నెలల ముందు నిర్ణయం తీసుకునే నిబంధన ఉన్నదా?

ఆశించిన ఫలితం రాని ప్రయోగం కూడా నగరానికి ఉపయోగకరమే. కారణాలను నివేదికలో నమోదు చేసి ప్రజలకు అందుబాటులో ఉంచినట్లయితే, మరో పట్టణం అదే ఖర్చును తిరిగి చేయవలసిన అవసరం ఉండదు. సత్ఫలితాలిచ్చిన ప్రయోగానికి మాత్రం తరువాతి బడ్జెట్‌లో ఒక పద్దు, బాధ్యత వహించే ఒక అధికారి, కాలపరిమితి గల ఒక ఒప్పందం అవసరం. ఈ మూడూ సమకూరిన చోట స్వచ్ఛంద సంస్థ ప్రారంభించిన పని నగర సేవగా స్థిరపడుతుందని హైదరాబాద్, అలప్పుళ, పూణే నగరాల అనుభవం నిరూపిస్తున్నది.