నాచు తోక - ఎలుక కిడ్నీ

మన ఒంట్లో చాలా రకాల కణాలకి ఒక్కోదానికి ఒక్కో బుల్లి తోక ఉంటుందని మీలో ఎంతమందికి తెలుసు? ఇంటర్లో ఎంపీసీ తీసుకుని, బొమ్మలు గీసే బాధ తప్పిందని సంబరపడ్డ బ్యాచ్ మనది. కాబట్టి తెలియకపోయినా తప్పేం లేదు. పాఠ్యపుస్తకాల్లో వీటిని శైలికలు అంటారు. నేను మాత్రం సీలియా అనే రాస్తాను.

ఇందులో రెండు రకాలున్నాయి. శ్వాసనాళంలో ఉండేవి గుంపులు గుంపులుగా ఊగుతూ కఫాన్ని పైకి తోస్తుంటాయి. వాటి పని కంటికి కనిపిస్తుంది. రెండో రకం కణానికి ఒక్కటే ఉంటుంది. మామూలుగా ఊగదు, కదలదు. 1898లో జిమ్మర్‌మన్ అనే శాస్త్రవేత్త మనిషి కణాల్లోనూ కుందేలు కణాల్లోనూ దీన్ని చూసి వర్ణించాడు. బయటి సంగతులు పసిగట్టడానికి ఉందేమో అని కూడా అన్నాడు. ఆ మాటని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు ఎక్కువమంది దీన్ని పరిణామక్రమంలో మిగిలిపోయిన సరుకు కిందే జమకట్టారు. మన భాషలో చెప్పాలంటే డెడ్ కోడ్.

అది డెడ్ కోడ్ కాదని తేలిన కథే ఇది. తమాషా ఏంటంటే, తేల్చినవాళ్ళు దాని కోసం బయల్దేరినవాళ్ళు కాదు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జోయెల్ రోజెన్‌బామ్ అనే ఆయన క్లామిడోమోనాస్ అనే ఏకకణ నాచు మీద దశాబ్దాల తరబడి పనిచేశారు. చెరువు నీళ్ళలో, తడి మట్టిలో బతికే జీవి ఇది. దీనికి రెండు తోకలు. ఒక్కోటి మిల్లీమీటరులో వందో వంతు పొడుగు. తెంపేస్తే ఓ రెండు గంటల్లో మళ్ళీ మొలుస్తాయి. 1960ల చివర్లో ఆయన, సహచరులు కనిపెట్టిందేమిటంటే, ఈ తోక పెరిగేది మన జుట్టులాగా మొదట్లో కాదు, తాటిచెట్టులాగా కొసన.

చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు తోకలో ఉండవు. కాబట్టి సరుకు కణంలో తయారై, తోక పొడవునా ప్రయాణించి కొసకి చేరాలి. మరి మోసేదెవరు?

జవాబు దొరకడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. రోజెన్‌బామ్ దగ్గర కీత్ కోజ్మిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి ఉండేవాడు. తోక ఆడించలేని రకం నాచుని తీసుకుని, మైక్రోస్కోపుకి వీడియో తగిలించి, ఆ తోకల వంకే చూస్తూ కూర్చున్నాడు. తోక కదలట్లేదు గానీ లోపల చీమల బారులాగా ఏవో రేణువులు పైకీ కిందకీ పోతున్నాయి! పైకి సెకనుకి సుమారు 2 మైక్రోమీటర్లు, కిందకి సుమారు 3.5. అంటే కొసకి చేరడానికి అయిదు సెకన్లు, తిరిగి రావడానికి మూడు. 1993లో ఇది ప్రచురించారు. ఈ రవాణాకే తర్వాత పొట్టిగా ఐఎఫ్‌టీ అని పేరు స్థిరపడింది.

తర్వాత ఇంజన్లు దొరికాయి. పైకి లాగేది కైనెసిన్ జాతి ప్రోటీన్, కిందకి లాగేది డైనీన్ జాతిది. 1998లో డగ్లస్ కోల్, రోజెన్‌బామ్ బృందం ఆ రేణువుల్ని విడదీసి చూస్తే అవి ఏదో ఒక్క ప్రోటీన్ కాదని తేలింది. పదిహేను దాకా ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని రెండు ముఠాలుగా ఉన్నాయి. వాటికి ఐఎఫ్‌టీ-ఎ, ఐఎఫ్‌టీ-బి అని పేర్లు పెట్టారు. ఇప్పటి లెక్క ప్రకారం ఎ ముఠాలో 6, బి ముఠాలో 16.

ఇక్కడిదాకా ఇది నాచు కథ. "ఎవడిక్కావాలి నాచు తోక?" అని అడిగేవాళ్ళకి అప్పటికింకా గట్టి సమాధానం లేదు.

ఇప్పుడు కాసేపు వేరే ఊరికి వెళ్దాం. టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల. అణుబాంబు కోసం యురేనియం శుద్ధి చేసిన ఊరు అదే. అక్కడ ఎలుకల జన్యువుల్లో కొత్త డీఎన్ఏ ముక్కలు చొప్పించి ఏం చెడుతుందో చూసే పని ఒకటి నడిచింది. ఒక వంశం ఎలుకలకి కిడ్నీల నిండా నీటితిత్తులు వచ్చాయి. మనుషుల్లో పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బు ఉంది కదా, దాదాపు అలాగే. చెడిన జన్యువుని పట్టుకుని 1994లో ప్రచురించారు. దాని పేరు టీజీ737. పేరు చూస్తేనే తెలుస్తోంది కదా, అది పేరు కాదు, సీరియల్ నంబరు! ఆ ప్రోటీన్‌లో వేరే ప్రోటీన్లని పట్టుకోవడానికి పనికొచ్చే ముక్కలు వరుసగా ఉన్నాయని తెలిసింది. కానీ పట్టుకునేది ఎవర్ని? ఎందుకు? అది మాత్రం తెలియలేదు.

2000లో గ్రెగరీ పాజూర్, జార్జ్ విట్‌మన్, కోల్, రోజెన్‌బామ్ వగైరాలు నాచులోని బి ముఠాలో ఐఎఫ్‌టీ88 అనే సభ్యుడి జన్యువుని చదివారు. తీరా చూస్తే అది ఎలుకలోని టీజీ737కి నాచు రూపం! వెంటనే జబ్బు ఎలుకల కిడ్నీల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. అక్కడి కణాలకి ఉండాల్సిన సీలియా పొట్టిగా, గిడసబారి ఉన్నాయి. అంతకుముందు ఏడాదే ఒక సన్నటి పురుగులో పీకేడీ1 జన్యువుని పోలిన ప్రోటీన్ సీలియాలో ఉంటుందని మౌరీన్ బార్, పాల్ స్టెర్న్‌బర్గ్ చూపించారు. మనుషుల్లో పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బుకి ముఖ్య కారణాల్లో పీకేడీ1 ఒకటి. రెండు దారులూ ఒకేచోట కలిశాయి. డెడ్ కోడ్ అనుకున్నది కాస్తా కిడ్నీ ఆరోగ్యానికి ఆధారమని తేలింది.

నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే. ఎలుకలో ఆ ప్రోటీన్ ఒంటరిగా దొరికింది. ఆరేళ్ళ పాటు నంబరు తప్ప ఊరూ పేరూ లేదు. నాచులో తన ముఠాతో కలిసి దొరికింది కాబట్టి దాని పని తెలిసింది. ప్రోటీన్ ఏం చేస్తుందో తెలియాలంటే అది ఎవరితో చెయ్యి కలుపుతోందో చూడాలి. మనిషిని కూడా మనవాళ్ళు అలాగే కదా అంచనా వేస్తారు!

ఆ చేతులు కలపడం ఎలా ఉంటుందో తర్వాతి ఏళ్ళలో ఒక్కొక్కటే బయటపడింది. ఐఎఫ్‌టీ74, ఐఎఫ్‌టీ81 జంటగా ఉంటేనే తోక కట్టడానికి కావాల్సిన ట్యూబ్యులిన్ అనే ఇటుకని గట్టిగా పట్టుకోగలవని 2013లో సాగర్ భోగరాజు, ఎస్బెన్ లోరెంట్‌జెన్ వగైరాలు చూపించారు. టల్ప్3 అనే ఇంకో ప్రోటీన్ అడాప్టర్ లాంటిది. ఒక చేత్తో ఎ ముఠాని, ఇంకో చేత్తో పొరని పట్టుకుని కొన్ని గ్రాహకాల్ని సీలియంలోకి చేరుస్తుంది. ఇది 2010లో తెలిసింది. మరి కిందకి లాగే ఇంజను కొసకి ఎలా చేరుతుంది? పైకెళ్ళే బండిలోనే సరుకులాగా ఎక్కుతుంది. అదీ ఊరికే కాదు, ఆఫ్ చేసిన భంగిమలో మడిచి కడతారు, లేకపోతే రెండు ఇంజన్లూ చెరోవైపు లాగి బండి ఆగిపోతుంది. ఇది 2018లో నాచులో చూశారు. ఎదురెదురుగా వచ్చే బండ్లు గుద్దుకోవా అని నాకూ అనుమానం వచ్చింది. 2016లో స్టెపానెక్, పిజినో దానికీ జవాబు చెప్పారు. నాచు తోకలో ఒక్కో పట్టా జంట గొట్టం. పైకెళ్ళే బండ్లు ఒక గొట్టం మీద, వచ్చేవి రెండోదాని మీద. అచ్చం మన రైల్వే అప్ లైను, డౌన్ లైను.

ఈ లైన్లో ఎక్కడ తేడా వచ్చినా మనిషికి ఇబ్బందే. కంటి రెటీనాలో వెలుతురుని పట్టే భాగం కూడా రూపం మారిన సీలియమే. అక్కడి పొరలు సుమారు పది రోజులకోసారి కొత్తవి కావాలి, అంటే సరఫరా ఆగకూడదు. 2000లోనే ఎలుక కంట్లో కైనెసిన్ ఇంజన్ని తీసేసి చూస్తే సరుకు దారిలోనే పేరుకుపోయి కణాలు చచ్చిపోయాయి. బార్డెట్-బీడిల్ సిండ్రోమ్ అని ఒక అరుదైన జబ్బు ఉంది. చూపు తగ్గడం, ఊబకాయం, అదనపు వేళ్ళు, కిడ్నీ సమస్యలు, అన్నీ ఒకే బిడ్డకి. వీటన్నిటికీ సంబంధం ఏంటో చాలాకాలం అంతుబట్టలేదు. 2007లో మాక్సెన్స్ నషూరీ వగైరాలు ఆ జబ్బుకి సంబంధించిన ఏడు ప్రోటీన్లు కలిసి ఒకే ముఠా అని చూపించారు. సీలియం పొరలోని గ్రాహకాల రాకపోకలు చూసే ముఠా అది.

ఇంత తెలిసింది కదా, మందు వచ్చిందా అంటారా? నిజం చెప్పాలంటే సీలియాని బాగుచేసే మందు మామూలు వైద్యంలోకి ఇంకా రాలేదు. బార్డెట్-బీడిల్ పిల్లల ఆకలినీ ఊబకాయాన్నీ అదుపుచేసే సెట్‌మెలనోటైడ్‌కి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది, అంతే. కానీ కారణం తెలియని జబ్బుకీ, కారణం తెలిసిన జబ్బుకీ ఆ ఇంట్లో వాళ్ళకి చాలా తేడా ఉంటుంది. జన్యుపరీక్ష చేయించుకోవచ్చు, రెండో బిడ్డ విషయంలో డాక్టర్ని ఏం అడగాలో తెలుస్తుంది, ఎక్కడ వెతకాలో పరిశోధకులకి తెలుస్తుంది.

పన్ను డబ్బుతో చేసే ప్రతి పరిశోధనకీ "దీనివల్ల ఉపయోగం ఏంటి?" అని ముందే రాయించుకోవాలనే వాదన మన ఆఫీసుల్లో కాఫీ దగ్గర కూడా వింటుంటాను. ప్రశ్న న్యాయమైనదే. ప్రతి నాచులోనూ కిడ్నీ రహస్యం ఉండదు, అదీ ఒప్పుకుంటాను. అయితే ఆ కాగితం మీద రోజెన్‌బామ్ నిజాయితీగా ఏం రాయగలిగేవారు? "తోక కొసకి ఇటుకలు ఎలా చేరతాయో చూడాలనుంది" అని. ఆ ఒక్క వాక్యానికి పాతికేళ్ళు జీతం ఇచ్చిన వ్యవస్థ ఒకటి ఉండబట్టే టీజీ737కి ఓ పని, ఓ ముఠా, ఓ అర్థం దొరికాయి. అలాంటి వాక్యాలకి డబ్బులిచ్చే ఓపిక మన దగ్గర ఎంతుందన్నదే నా ప్రశ్న. మీరేమంటారు?