అబిస్సీనియా, హెన్రీ (మ్యాష్)

‘అబిస్సీనియా, హెన్రీ’ అమెరికన్ టీవీ ధారావాహిక ‘మ్యాష్’ మూడో సీజన్‌లో ఆఖరి భాగం. 1975 మార్చి 18న సీబీఎస్ ఛానెల్‌లో ప్రసారమైంది. ఎవరెట్ గ్రీన్‌బామ్, జిమ్ ఫ్రిట్జెల్ రాయగా లారీ గెల్బార్ట్ దర్శకత్వం వహించారు. ఈ పేరుకు అబిస్సీనియా అనే ఆఫ్రికా దేశంతో సంబంధం లేదు. ‘మళ్ళీ కలుద్దాం’ అనడానికి అమెరికన్లు సరదాగా వాడిన మాట ఇది.

కొరియా యుద్ధకాలంలో (1950–53) గుడారాల్లో నడిచే 4077వ సంచార సైనిక శస్త్రచికిత్సశాల ఈ ధారావాహికకు నేపథ్యం. రిచర్డ్ హుకర్ నవల (1968), రాబర్ట్ ఆల్ట్‌మన్ సినిమా (1970) దీనికి మూలాలు. అదే యుద్ధానికి మన దేశం లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వాన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్‌ను పంపింది. 1950 డిసెంబరులో ప్యాంగ్యాంగ్ వదిలి వెనక్కి రావలసి వచ్చినప్పుడు, వైద్య పరికరాలను శత్రువుకు వదలడం ఇష్టంలేక ఆ దళం ఒక పాత ఆవిరి ఇంజన్‌ను వెతికి పట్టుకుంది. బకెట్లతో నీళ్ళు నింపి, తామే నడుపుకుంటూ దక్షిణానికి వచ్చేశారు. రంగరాజ్‌కు మహావీర చక్ర లభించింది. తెరమీది కథను మనవాళ్ళు చూడాల్సింది ఈ చరిత్రను పక్కన పెట్టుకునే.

హెన్రీ బ్లేక్ (మెక్లీన్ స్టీవెన్సన్) ఆ ఆసుపత్రి అధిపతి. గద్దించడం చేతకాని మెతక మనిషి, చేపల వేటంటే ప్రాణం. సైన్యం నుంచి అతనికి విడుదల ఉత్తర్వు వస్తుంది. బయల్దేరే ముందురోజు రాత్రి తాగి తందనాలాడతారు. మిత్రులు కొత్త సూటు బహూకరిస్తారు. మర్నాడు అది తొడుక్కుని అందరికీ వీడ్కోలు చెప్పి హెలికాప్టర్ ఎక్కుతాడు. కొడుకులాంటి గుమాస్తా రాడార్ సెల్యూట్ చేస్తే, హెన్రీ తిరిగి సెల్యూట్ చేసి అతన్ని కౌగలించుకుంటాడు.

తర్వాత ఆపరేషన్ గది. రాడార్ ముఖానికి మాస్కు లేకుండా లోపలికొస్తాడు. మాస్కు పెట్టుకోమని డాక్టరు కసురుతాడు. రాడార్ చేతిలోని కాగితం చదువుతాడు: హెన్రీ విమానాన్ని జపాన్ సముద్రంపై కూల్చేశారు, ఒక్కరూ బతకలేదు. ఎవరూ ఏడుస్తూ కూలిపోరు. బల్లమీద గాయపడిన మనిషి ఉన్నాడు కనుక చేతులు ఆగవు. ఆ నిశ్శబ్దంలో ఎవరి చేతిలోంచో ఒక పరికరం జారి కిందపడుతుంది. అది అనుకోకుండా జరిగింది. దర్శకుడు అలాగే ఉంచేశారు.

స్టీవెన్సన్ ధారావాహిక వదిలి వెళ్తున్నాడు కాబట్టి పాత్రను ఇంటికి పంపేస్తే సరిపోయేది. కానీ యుద్ధంలో ముక్కూమొహం తెలియని కుర్రాళ్ళే చనిపోతారన్న అలవాటును రచయితలు వదులుకోదలిచారు. ఆఖరి పేజీని దాచి, చిత్రీకరణకు కాస్త ముందు నటులకు చూపించారు. డాక్టరు హాకై పాత్రధారి అలన్ ఆల్డాకు మాత్రం ముందే తెలుసు.

ప్రేక్షకుల నుంచి వెయ్యికి పైగా ఉత్తరాలొచ్చాయి. హాస్య కార్యక్రమంలో ఇదేం దారుణమని చాలామంది మండిపడ్డారు. వియత్నాంలో సైగాన్ ఇంకో ఆరు వారాల్లో పడిపోబోతున్న రోజులవి. ఆ ప్రేక్షకుల ఇళ్ళలో ఎన్నింటికో ఆ యుద్ధం నుంచి అలాంటి కాగితమే వచ్చి ఉంటుంది కనుక, ఈ మరణాన్ని అన్యాయమనలేం. మరో డాక్టరు ట్రాపర్ పాత్రధారి వేన్ రోజర్స్‌కు కూడా ఇదే ఆఖరి భాగమైంది. నాలుగో సీజన్‌లో ఆసుపత్రి బాధ్యత కల్నల్ పాటర్ (హ్యారీ మోర్గన్) తీసుకున్నాడు. ధారావాహిక 1983 ఫిబ్రవరి 28 దాకా సాగింది.